స్వలాభం ఒక్కటే నీతికి పునాదా? హిజ్లీ చెప్పే లెక్క

దేవుడి భయం లేకపోతే మనిషి నీతిగా ఎందుకుంటాడు? ఆస్తికులు మనల్ని తరచుగా అడిగే ప్రశ్న ఇది. తన మేలు కోసమే ఉంటాడని మనలో చాలామంది జవాబిస్తారు. స్వర్గం కోసం పుణ్యం చెయ్యడమూ స్వలాభమే కదా అని ఎదురు ప్రశ్న కూడా వేస్తారు. ఎదురు ప్రశ్న సరైనదే. జవాబు మాత్రం సగమే సరైనది. ఖర్గపూర్ చరిత్రే ఇందుకు సాక్ష్యం.

1927లో అక్కడి బెంగాల్ నాగపూర్ రైల్వే వర్క్‌షాపులో కార్మికుల తొలగింపుపై పెద్ద పోరాటం జరిగింది. ఆ కార్మికులలో మన తెలుగువాళ్ళు చాలామంది. వాళ్ళ సంఘానికి నాయకుడైన వి.వి.గిరి కూడా తెలుగువాడే. తొలగింపు జాబితాలో లేనివాళ్ళు సైతం జీతాలు పోగొట్టుకుని నిలబడ్డారు. దీన్ని స్వలాభంతో వివరించవచ్చు. ఈరోజు పక్కవాడి వంతు, రేపు నా వంతు. దూరదృష్టి గల స్వార్థం ఐకమత్యాన్ని పుట్టిస్తుంది.

ఆ పక్కనే ఉన్న హిజ్లీ సంగతి వేరు. విచారణ లేకుండా నిర్బంధించిన రాజకీయ ఖైదీలను 1930 నుంచి అక్కడి శిబిరంలో ఉంచారు. 1931 సెప్టెంబర్ 16 రాత్రి కాపలాదారులు జరిపిన కాల్పుల్లో సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్తా చనిపోయారు. ఇద్దరూ నిరాయుధులే. సర్కారు నియమించిన విచారణ సంఘమే ఆ విచక్షణ లేని కాల్పులకు సమర్థన లేదని తేల్చింది. డెబ్భై ఏళ్ళ రవీంద్రనాథ్ ఠాగూర్ కలకత్తాలో నిరసన సభకు వచ్చి మాట్లాడారు. స్వేచ్ఛ కోసం నిర్బంధానికి సిద్ధపడ్డ యువకులకు గానీ, తమ సర్కారుకే ఇబ్బంది కలిగించే నిజం రాసిన అధికారులకు గానీ, ఆ వృద్ధ కవికి గానీ ఏ లాభం వచ్చింది?

"ఆత్మతృప్తి, అదీ స్వలాభమే" అంటారు కొందరు. రక్షణ శాఖ లెక్కల్లో ఉద్యోగం చేసినవాడిగా ఒక మాట చెబుతాను. ఏ పద్దుకి చెందుతుందో తేలని మొత్తాన్ని తాత్కాలికంగా సస్పెన్స్ ఖాతాలో వేస్తాం. అన్నిటినీ అందులోనే వేసేసి లెక్క తేలిందంటే ఏ ఆడిటరూ ఒప్పుకోడు. ప్రాణం దాచుకున్నా స్వార్థమే, పోగొట్టుకున్నా స్వార్థమే అయితే ఆ మాట దేన్నీ వివరించదు. ఏ సాక్ష్యమూ తప్పని చూపించలేని సిద్ధాంతాన్ని జ్యోతిష్యంలో మనం ఒప్పుకోం. ఇక్కడ ఎందుకు ఒప్పుకోవాలి?

పైగా, పక్కవాడి బాధ ముందే మనకు పట్టకపోతే, అతనికి సాయం చేసినందుకు తృప్తి ఎక్కణ్ణించి వస్తుంది? జోసెఫ్ బట్లర్ 1726లోనే ఇలాంటి వాదన చేశాడు. ఆయన మతగురువే, అయినా తర్కం తర్కమే.

ఆ పట్టింపుకి దైవం అవసరం లేదు. గుంపులో బతికే జంతువులకుండే సానుభూతిలోంచే మన నీతిబుద్ధి పెరిగిందని డార్విన్ 1871లో వివరించాడు. కాబట్టి ఆస్తికుడికి మన జవాబు ఇలా ఉండాలి: స్వలాభం నీతికి ఒక పద్దు మాత్రమే. సానుభూతి ఇంకో పద్దు. రెండూ మనుషులవే.