జాగా వుంది, చోటు లేదు!

మా అక్కయ్య కొడుకుని అమెరికా విమానం ఎక్కించడానికి షంషాబాద్ బయల్దేరాం. మెహిదీపట్నంలో బస్సెక్కితే సరిగ్గా నాలుగు సీట్లు ఖాళీ. మేమూ నలుగురమే. కానీ ఒకటి డ్రైవరు వెనకాల, ఒకటి మధ్యలో, ఇంకోటి కిటికీ పక్కన, నాలుగోది చిట్టచివర! కొడుకు మళ్లీ రెండేళ్లకి గాని రాడాయె, అందరం ఒక్కచోట కూర్చోవాల్సిందేనని అక్కయ్య పట్టు.

"మామయ్యా, మా భాషలో దీన్నే ఫ్రాగ్మెంటేషన్ అంటారు" అన్నాడు వాడు. వాడి వుద్యోగం కంపైలర్లు రాయడం. మనిషి రాసిన ప్రోగ్రాముని యంత్రానికి తెలిసే భాషలో చెప్పే దుబాసీ అన్నమాట, కంపైలరంటే.

కండక్టరు మంచివాడు. "జరగండి, జరగండి" అంటూ జనాన్ని ముందుకి నెట్టి, వెనక నాలుగు సీట్లు ఒక్క వరసలో చేసిపెట్టాడు. జరిగిన పెద్దాయన మనవడు మాత్రం పాత సీటు దగ్గర తాతని వెతుక్కుంటూ ఏడుపు లంకించుకున్నాడు. ఈ యేడుపు సంగతి మళ్లీ వస్తుంది.

ఆరాంఘర్ దాటేలోగా వాడు చెప్పిన కథ యిది. 1950ల చివర అమెరికాలో ఎం.ఐ.టి.లో జాన్ మెకార్తీ అనే ఆయన లిస్ప్ అనే కంప్యూటర్ భాష తయారు చేశాడు. యంత్రం ఐ.బి.ఎం. 704. దాని మెమరీ ఎంత పెద్దదైనా 32,768 గదులు. పని తీరిన గదుల్ని ప్రోగ్రాం రాసేవాడే గుర్తుపెట్టుకుని ఖాళీ చేయించాలంటే తల ప్రాణం తోకకొస్తుంది. అందుకని మెమరీ నిండగానే పని ఆపేసి, ఇంకా అవసరమున్న వాటికి గుర్తు పెట్టి, తక్కినవి వూడ్చేసే ఉపాయం కనిపెట్టాడు. తమలో తాము దాన్ని 'గార్బేజ్ కలెక్టర్' అని పిలుచుకునేవారు గాని, 1960లో అచ్చయిన వ్యాసంలో మాత్రం ఆ పేరు పెట్టలేదు. మొహమాటం కాబోలు!

ఓసారి పరిశ్రమల పెద్దమనుషులకి లిస్ప్‌ని టి.వి.లో చూపిస్తున్నారు. నడిమధ్యలో మెమరీ నిండింది. యంత్రం తన పని మానేసి, గార్బేజ్ కలెక్టర్ని పిలిచామని, లెక్కలు యివిగో అని, సెకనుకి పది అక్షరాల చొప్పున టైపు చెయ్యడం మొదలుపెట్టింది. ఆ పేరే అంతకుముందు ఎవరూ వాళ్లకి చెప్పలేదు. ప్రదర్శన గోవిందా! చెప్పేవాళ్లూ చూసేవాళ్లూ పడీ పడీ నవ్వారట. ఎవరో ఆకతాయి చేసిన పనేమోనని కొందరు అనుకుని వుంటారని మెకార్తీయే తర్వాత రాసుకున్నాడు.

ఈ మెకార్తీ దగ్గరే స్టాన్‌ఫర్డ్‌లో 1966లో డాక్టరేటు పుచ్చుకున్నారు మన చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి గారు. 1994లో ట్యూరింగ్ బహుమతి అందుకున్నారు.

లిస్ప్‌లో గదులన్నీ ఒకే కొలత గనక ఎక్కడ ఖాళీ అయినా పనికొచ్చేది. చిన్నా పెద్దా రకరకాల సరుకు వచ్చాకే ఈ బస్సు బాధ. 1963లో మార్విన్ మిన్‌స్కీ బతికున్న సరుకంతా డ్రమ్ము మీదికి యెక్కించి, మళ్లీ వరసగా దింపమన్నాడు. 1969లో ఫెనిచెల్, యోచెల్‌సన్ అనే యిద్దరు మెమరీని రెండు భాగాలు చేసి, ఒకటి నిండితే అవసరమైనవి రెండోదానికి వొత్తుగా సర్దారు. మరుసటి యేడే చేనీ అనే ఆయన అదే పనిని, దారి గుర్తుపెట్టుకోవడానికి వేరే జాగా అక్కర్లేకుండా చేసి చూపించాడు.

"అంటే బేగంపేట నుంచి షంషాబాద్‌కి మారినట్టు" అన్నాను. వాడు తెగ సంతోషించాడు. బేగంపేట చుట్టూ వూరు పెరిగిపోయి జరగడానికి వీల్లేక, 2008 మార్చి 23న ప్రయాణికుల విమానాలన్నీ ఒక్కసారిగా యిక్కడికొచ్చాయి. దాదాపు 5,500 ఎకరాలు, 4,260 మీటర్ల రన్‌వే. టిక్కెట్ల మీద వుండే 'హెచ్.వై.డి.' అనే మూడక్షరాలూ కొత్తచోటికి వచ్చేశాయి, బేగంపేటకి 'బి.పి.ఎం.' మిగిలింది. ఆ యెకరాల్లో ఒకప్పుడు దున్నుకున్నవాళ్లు ఎటు జరిగారన్నది వాడి లెక్కల్లోకి రాదు గాని, నాకు మాత్రం ప్రతిసారీ గుర్తొస్తుంది.

అసలు చిక్కు విలాసాలు మార్చడంలో వుంది. ఇందాకటి కుర్రాడి యేడుపు అదే. సరుకు జరిగితే, దాని పాత విలాసం ఎవరెవరి దగ్గరుందో అన్నిచోట్లా దిద్దాలి. నా డైరీలో 501218 అని వుంటే అది షంషాబాద్ పిన్ కోడా, నేను బాకీపడ్డ రూపాయలా? పిన్ కోడ్ మారిందని బాకీ దిద్దేస్తే కొంపలంటుకుంటాయి. ఏది విలాసమో ఏది అంకెో కంపైలర్ చెప్పి తీరాలి. అది చెప్పనిచోట వాడుకోవడానికి బోమ్, వైజర్ 1988లో వేరే పద్ధతి ప్రకటించారు. అనుమానమొస్తే అది విలాసమే అనుకుని, ఆ సరుకుని కదపకుండా వదిలెయ్యాలి. భద్రమే, కానీ ఖాళీలు అలాగే వుండిపోతాయి.

చేనీ పద్ధతిలో జరిగిన ప్రతి సరుకూ పాతచోట ఒక చీటీ వదిలిపోతుందట, ఫలానా చోటికి వెళ్లానని. పాత విలాసం పట్టుకుని వచ్చినవాడు ఆ చీటీ చూసి దిద్దుకుంటాడు.

ఆ మాట వినగానే అక్కయ్య సంచిలోంచి డైరీ తీసింది. కొడుకు అమెరికా విలాసాలు మూడు, మూడూ కొట్టేసి వున్నాయి. ఒక్కోదాని పక్కనా 'కొత్తది వెనక పేజీలో' అని ఆవిడ గుండ్రని అక్షరాలు.

"వచ్చే నెల ఇల్లు మారుతున్నానన్నావుగా, రాసివ్వు" అంది.

వాడు పేజీ తిప్పి, నింపాదిగా రాశాడు. బస్సు అప్పుడే విమానాశ్రయం దారిలోకి తిరిగింది.