తెలుగు పండితుడు జాషువా: చదువు, రాత, ‘నా కథ’

స్వర్ణోత్సవ సంచిక అంటే మన గురువుల జ్ఞాపకాలు ఎలాగూ ఉంటాయి. మన బడిలో ఎన్నడూ పాఠం చెప్పని ఒక తెలుగు పండితుణ్ణి కూడా ఆ వరుసలో కూర్చోబెట్టాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. ఆయన పద్యం ఒక్కటైనా బట్టీపట్టకుండా హైస్కూలు దాటినవాళ్లు మనలో తక్కువ.

గుర్రం జాషువా 1895 సెప్టెంబరు 28న వినుకొండలో పుట్టారు. అప్పటికి గుంటూరు జిల్లాయే లేదు. 1904లో అది ఏర్పడేదాకా వినుకొండ కృష్ణా జిల్లాలో ఉండేది, ఇప్పుడు పల్నాడులో ఉంది. తండ్రి వీరయ్య యాదవుడు, తల్లి లింగమ్మ మాదిగ. ఇంట్లో ఉన్నది క్రైస్తవం. ఈ మూడు సంగతులూ కలిసి ఆ పిల్లవాడి చదువును ఎన్ని మలుపులు తిప్పాయో ఆయనే ‘నా కథ’లో చెప్పుకున్నారు.

ఆత్మకథలకు మన ప్రాంతంలో కొదవ లేదు. కొండా వెంకటప్పయ్యగారు రాసుకున్నారు, టంగుటూరి ప్రకాశంగారు ‘నా జీవితయాత్ర’ రాసుకున్నారు. అవి వచనం. జాషువా తన కథను మూడు భాగాలుగా పద్యాల్లో చెప్పారు, అదీ జీవితపు చివరి దశాబ్దంలో, వచన కవిత జోరు మీదున్న రోజుల్లో. పాతకాలపు అలవాటు అని కొందరు తేలిగ్గా తీసేస్తారు. నేను అలా అనుకోను. ‘పద్యం నీకెందుకు’ అని ఒకప్పుడు లోకం అడిగింది. దానికి జవాబు పద్యంలోనే ఇవ్వాలి కదా.

అలా అడిగిన సందర్భం చిన్నది కాదు. వినుకొండలో కొప్పరపు సోదర కవుల అష్టావధానం జరిగింది. జాషువా వారిని మెచ్చుకుంటూ ఆ సభలో ఒక పద్యం చదివారు. తక్కువ కులంవాణ్ణి సభలోకి ఎలా రానిచ్చారని కొందరు లేచారు. ఆ గాయం ఆయనకు జీవితాంతం ఉంది. అదే ఊళ్లో దీపాల పిచ్చయ్యశాస్త్రిగారు ఆయనకు బాల్యమిత్రులు. ఇద్దరూ తిరుపతి వేంకట కవుల్లా జంటగా కవిత్వం చెబుదామనుకున్నారు. తీరా రెండు పేర్లనూ ఎటునుంచి కలిపినా ‘పిచ్చి’ అన్న మాటే తగులుతుంటే నవ్వుకుని మానేశారట.

బతుకుతెరువు మాట చెప్పాలంటే, మొదటి ఉద్యోగం మిషనరీ బడిలో. జీతం నెలకు 3 రూపాయలు. అదీ పోయాక రాజమండ్రి వెళ్లి 1915-16లో మూకీ సినిమాల దగ్గర వాచకుడిగా చేరారు. తెరమీద బొమ్మ కదులుతుంటే పక్కన నిలబడి కథ, సంభాషణలు చదివి వినిపించాలి. చీకట్లో గొంతుతోనే జనాన్ని కూర్చోబెట్టే పని అది. ఆయన పద్యం చెవికి అంత తొందరగా ఎందుకు ఎక్కుతుందో ఆలోచించినప్పుడల్లా నాకు ఈ ఉద్యోగమే తడుతుంది. అన్వయం కోసం వెతుక్కోనక్కరలేదు, చదువుతుంటేనే అర్థమవుతుంది. తర్వాత గుంటూరులో లూథరన్ ఉపాధ్యాయ శిక్షణాలయంలో పదేళ్లు, 1928 నుంచి 1942 దాకా ప్రభుత్వ పాఠశాలలో తెలుగు పండితుడిగా పనిచేశారు. ‘ఫిరదౌసి’ (1932), ‘గబ్బిలం’ (1941) రెండూ ఈ బడి నౌకరీ చేస్తున్న రోజుల్లో వచ్చినవే. కాపీ పుస్తకాలు దిద్దే మన మాస్టార్లు ఈ మాట గమనించాలి.

ఇక ఆయన చదువు. జూపూడి హనుమచ్ఛాస్త్రిగారి దగ్గర రఘువంశం, కుమారసంభవం, మేఘసందేశం చదువుకున్నారు. ఆ రోజుల్లో ఆయన్ను కూర్చోబెట్టుకుని కాళిదాసు చెప్పిన శాస్త్రిగారిని కూడా మనం తలుచుకోవాలి. విచిత్రమేమిటంటే అభ్యంతరం రెండువైపుల నుంచీ వచ్చింది. అంటరానివాడికి కావ్యాలెందుకని ఒకరు, క్రైస్తవుడికి హిందూ పురాణాలెందుకని మరొకరు. క్రైస్తవ సంఘం ఆయన్ను వెలివేసింది. అయినా చదవడం మానలేదు. పేదరికం, కులమత భేదం తనకు ఇద్దరు గురువులని, మొదటిది ఓర్పు నేర్పితే రెండోది ఎదిరించే బలం ఇచ్చిందని ఆయన చెప్పుకునేవారు.

చదివిన పుస్తకాన్ని ఆయన ఏం చేసుకున్నారో తెలియాలంటే మేఘసందేశం పక్కన ‘గబ్బిలం’ పెట్టుకుని చూడాలి. కాళిదాసు యక్షుడికి కుబేరుడి శాపం ఒక ఏడాది. గడువు తీరితే భార్య దగ్గరికి పోతాడు. ఈలోగా మేఘంతో కబురు పంపాడు. జాషువా కథానాయకుడు అరుంధతీ సుతుడు. అతని శాపానికి గడువు లేదు. కబురు ప్రియురాలికి కాదు, కాశీలోని విశ్వనాథుడికి. అతనికి గుడి తలుపు తెరుచుకోదు, అందుకని గుడి చూరు పట్టుకు వేలాడే గబ్బిలాన్ని బతిమాలుకున్నాడు. పూజారి లేనప్పుడు శివుడి చెవిలో చెప్పగలిగేది అదొక్కటే! కాళిదాసు ఇచ్చిన చట్రం అదే, అందులో కూర్చున్న మనిషి వేరు. అనుకరణ అన్నవాళ్లు ఈ తేడా చూడలేదు.

‘ఫిరదౌసి’లోనూ ఇదే పద్ధతి. పద్యానికొక బంగారు నాణెం ఇస్తానని గజనీ మహమ్మదు మాట ఇచ్చి, చివరికి వెండి నాణేలు పంపాడన్న కథ పర్షియాది. 3 రూపాయల జీతం ఎరిగిన మనిషి చేతిలో పడేసరికి అది పరాయి కథలా ఉండదు. ఇక గిజిగాడు, సాలీడు! పూరింటి చుట్టుపక్కల కనిపించే ఈ ప్రాణుల పనితనానికి కావ్యగౌరవం ఇచ్చింది కూడా కాళిదాసు చదివిన ఈ కవే.

గౌరవాలు ఆలస్యంగానైనా వచ్చాయి. విజయవాడలో చెళ్లపిళ్ల వెంకటశాస్త్రిగారు స్వయంగా వంగి ఆయన కాలికి గండపెండేరం తొడిగారు, ఆ పాదం తాకి తన జన్మ ధన్యమైందన్నారు. ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి, 1970లో పద్మభూషణ్. 1971 జూలై 24న గుంటూరులో కన్నుమూశారు.

బిరుదులకన్నా నాకు ఎక్కువ అనిపించేది ఇంకొకటి ఉంది. మిరపకోతలు అయ్యాక మన ఊళ్లలో హరిశ్చంద్ర నాటకం ఆడించేవాళ్లు కదా. కాటి సీనులో హార్మోనియం శ్రుతి అందుకోగానే నటుడు ఎత్తుకునే శ్మశాన పద్యాలు బలిజేపల్లి వారి నాటకంలోవి కావు. జాషువా ఖండకావ్యంలోవి. నటులే తెచ్చి అందులో కలుపుకున్నారు. కాటికాపరి వీరబాహుడికి అమ్ముడుపోయిన రాజు నోట ఆ పద్యాలు వింటూ, ఎవరు రాశారో తెలియకుండానే, ‘వన్స్ మోర్’ అని తెల్లవారుజాము దాకా అరిచిన జనంలో పెద్దకులాల వాళ్లూ ఉన్నారు, పందిరి చివర నిలబడిన వాళ్లూ ఉన్నారు.