దివిసీమ పేదవాని ఓటు



మా మోపిదేవిలో సుబ్రహ్మణ్యేశ్వరస్వామి కోవెల మండపమున సాయంకాలము పెద్దలు కూర్చుండినపుడు ఎన్నికల ప్రస్తావన తరచుగా వచ్చును. వచ్చినప్పుడెల్ల ఎవరో యొకరు ఈ మాట యనక మానరు: “బీదవానికి ఓటు విలువ యేమి తెలియును? నోటు చూపినవానికి వేయును. లేదా నలుగురితోపాటు వేయును.” ముప్పది సంవత్సరములకు పైగా బడిపంతులుగా నుండి, పలుమారులు ఎన్నికల విధులు నిర్వర్తించిన నేనును చాలకాలము ఇట్లే తలచితిని. ఈ సీమ చరిత్ర తెలిసికొన్న కొలది ఆ తలంపు సడలినది. ఎట్లు సడలినదో మనవి చేసెదను.

మొదట, పేదవానికి ఓటులేని కాలమును జ్ఞప్తికి తెచ్చుకొందము. 1935 నాటి భారత ప్రభుత్వ చట్టము ననుసరించి 1937లో మదరాసు రాజధాని శాసనసభకు ఎన్నికలు జరిగినవి. ఆస్తియో, పన్నో, చదువో గలవారికి మాత్రమే ఓటు. పక్షమునకొక రంగుపెట్టె, కాంగ్రెసువారిది పసుపుపచ్చ పెట్టె. 215 స్థానములలో 159 కాంగ్రెసుకు లభించెను. బొబ్బిలి రాజావారంతటివారు శ్రీ వి. వి. గిరిగారి చేతిలో నోడిపోయిరి. జమీందారుల పలుకుబడి సడలినదని దేశమెల్ల సంతసించెను. కాని చల్లపల్లి జమీందారీ పొలములలో నాట్లు వేసి, కోతలు కోసిన కూలివాడు నాడు ఆ పెట్టెల దరిదాపులకు పోలేదు. ఆ గెలుపు భూమిగల రైతుది. కూలివానికి అందులో పాలు లేదు.

తరువాత పది పండ్రెండేండ్లలో స్థితి మారినది. 1948లో జమీందారీల రద్దు చట్టము వచ్చెను. దున్నువానికి భూమి కావలెనను కోరిక పల్లెలలో బలపడెను. కృష్ణా మండలమున కూలీలలోను చిన్నరైతులలోను కమ్యూనిస్టు పక్షము వేరూనెను. ప్రభుత్వము ఆ పక్షమును నిషేధించెను. 1949లో కాటూరు, ఎలమర్రు గ్రామములలో పోలీసులు మగవారిని వివస్త్రులను గావించి అవమానించిన సంగతి ఈ ప్రాంతపు వృద్ధులు చాలకాలము చెప్పుకొనిరి. ఆ గాయము మానకముందే మొదటి సార్వత్రిక ఎన్నికలు వచ్చినవి.

1951–52 నాటి ఆ ఎన్నికలలో ఇరువదియొక్క యేండ్లు నిండిన ప్రతివానికి, ప్రతి స్త్రీకి ఓటు కలిగెను. దేశమున నూటికి పదునెనిమిది మందికి మాత్రమే అక్షరజ్ఞానముండెను. కావున అభ్యర్థికొక పెట్టె పెట్టి, దానిపై గుర్తు అంటించిరి. కాడియెడ్లు కాంగ్రెసువి, కంకి కొడవలి కమ్యూనిస్టులది, గుడిసె ప్రకాశం పంతులుగారి పక్షమునది. చీటిని మడిచి తనకు నచ్చిన పెట్టెలో వేయుటయే ఓటరు పని. ఫలితములు చూచి పట్టణములు నివ్వెరపోయినవి. ఆంధ్రప్రాంతపు 140 శాసనసభ స్థానములలో కమ్యూనిస్టులకు 41, కాంగ్రెసుకు 40 వచ్చెను. బందరు లోక్‌సభ స్థానమునుండి కమ్యూనిస్టు అభ్యర్థి శ్రీ సనకా బుచ్చికోటయ్యగారు నెగ్గిరి.

మూడేండ్లకు, ఆంధ్రరాష్ట్ర మేర్పడిన పిదప, 1955లో మరల ఎన్నికలు జరిగెను. ఈ పర్యాయము 196 స్థానములలో కమ్యూనిస్టులకు వచ్చినవి పదునైదు. కాంగ్రెసునకును దాని మిత్రులకును 146. “చూచితిరా, పేదవాని బుద్ధి మూడేండ్లయినను నిలువలేదు” అని నాడు పలువురనిరి. ఇచ్చటనే మనము నిలిచి లెక్క చూడవలెను. కమ్యూనిస్టులకు 1952లో నూటికి సుమారు 22 ఓట్లు వచ్చెను. 1955లో 31 వచ్చెను. ఓట్లు పెరిగినవి, స్థానములు తరిగినవి. కారణము సుస్పష్టము. మొదటిసారి కాంగ్రెసు, ప్రకాశం పంతులుగారి పక్షము, రంగాగారి పక్షము వేరువేరుగా నిలిచి ఓట్లు చీల్చుకొనెను. రెండవసారి వారు ఒక్కటైరి. మారినది నాయకుల పొత్తు. పేదవానిపై వేసిన నింద తప్పు లెక్కపై వేసినది.

అమెరికా దేశీయుడు సెలిగ్ హారిసన్ గారు 1956లో ఈ ఎన్నికలపై వ్యాసము వ్రాసి, డెల్టా రాజకీయమును కులమును బట్టి వ్యాఖ్యానించిరి. భూవసతిగల కులముల పోటీయే ఫలితములను నడపినదని వారి వాదము. అందు సత్యము కలదు. అభ్యర్థులను నిలుపునపుడు కులము చూడని పక్షము మన సీమలో అరుదు. కాని నాయకుని కులము చెప్పినంత మాత్రమున, సెంటు భూమి లేని దళితవాడ కూలి యోటునకు కారణము చెప్పినట్లు కాదు.

చిక్కుప్రశ్న మరియొకటి కలదు. 1962లో అవనిగడ్డనుండి శాసనసభకు వెళ్ళినవారు పూర్వపు చల్లపల్లి రాజా శ్రీ యార్లగడ్డ శివరామప్రసాదుగారే. ఏ జమీందారీ భూమికై పేదలు పోరాడిరో ఆ వంశమువారికే ఓట్లు వచ్చుట యెట్లు? నా యూహ యిది: పని యిచ్చుట, అప్పు పెట్టుట, తగవు తీర్చుట పెద్ద కమతములవారి చేతులలోనే యున్న పల్లెలో, వారి మాటను త్రోసిపుచ్చుట కూలివానికి సులభము కాదు. దీనిని అజ్ఞానమనుట కంటె నిస్సహాయత యనుట న్యాయము.

పిమ్మట 1977 నవంబరు 19వ తేదీ వచ్చెను. నేనప్పుడు భాషాప్రవీణ విద్యార్థిని. ఆ ఉప్పెనలో పదివేలమందికి పైగా మరణించిరి. నాగాయలంక, కోడూరు ప్రాంతముల పల్లెలు తుడిచిపెట్టుకొని పోయినవి. నాడు సహాయకార్యములలో గ్రామగ్రామము తిరిగిన శ్రీ మండలి వెంకటకృష్ణారావుగారిని దివిసీమ మరవలేదు. 1983లో మన నిమ్మకూరు బిడ్డ శ్రీ నందమూరి తారకరామారావుగారి పక్షము 294 స్థానములలో రెండువందలకు పైగా గెలుచుకొన్నను, అవనిగడ్డలో కృష్ణారావుగారే నెగ్గిరి. కాని కిలో రెండురూపాయల బియ్యము ఇంటింటికి చేరిన పిమ్మట, 1985లో ఇదే అవనిగడ్డ తెలుగుదేశమును గెలిపించెను.

ఆ 1985 ఎన్నికలలో నేను నాగాయలంక దాపున ఒక పల్లెలో విధి నిర్వహించితిని. ఓటింగు ముగిసి బండికై వేచియుండగా, ఓటు వేసి పోయిన యొక ముదుసలి మంచినీళ్ళు తెచ్చి యిచ్చెను. నేను పంతులు పెద్దరికముతో, “ఆలోచించియే వేసితివా, అవ్వా?” అంటిని. ఆమె నవ్వి యిట్లనెను: “ఎవరికేశానో అడగమాకండి పంతులుగారూ. ఉప్పెనప్పుడు మా గుడిసెకాడికొచ్చినోళ్ళెవరో, ఇప్పుడు మా పిల్లలకి బియ్యం అందేదెట్టాగో, రెండూ తలుచుకునే ఏశాను.” నేను మారు పలుకలేదు. ఆమె యెదుట రెండు ఋణములు నిలిచినవి. వానిలో నొకటి తీర్చి, రెండవదానిని మనసున నుంచుకొని వచ్చినది. నా యోటునకు నేనెన్నడును అంతగా మథనపడి యెరుగను.

ఇది మన దేశమునకే చెందిన సంగతి కాదు. అమెరికాలో కెంటకీ రాష్ట్రపు తూర్పుకొండలలో ఎలియట్, ఔస్లీ యను రెండు కౌంటీలు కలవు. కౌంటీ యనగా మన తాలూకావంటిది. రెండింటను బీదలే యెక్కువ. ఎలియట్ 1869లో ఏర్పడినది మొదలు 2012 వరకు అధ్యక్ష ఎన్నికలన్నిటను డెమొక్రాటిక్ పక్షమునకే మొగ్గెను. ఔస్లీ యన్ననో, అంతర్యుద్ధకాలమునుండి రిపబ్లికను పక్షమును వీడలేదు. తుదకు 2016లో ఎలియట్ కూడ రిపబ్లికను అభ్యర్థియైన ట్రంపుగారికి ఓటువేసెను. పేదరికమొక్కటే యోటును నిర్ణయించునదైన, ఆ రెండు తాలూకాలును నూటయేబదియేండ్లు రెండు దారుల నడవవలసిన పనిలేదు. తాతలనాటి జ్ఞాపకము, పూటగడచు మార్గము, మమ్ము మరచిరను మనస్తాపము, ఈ మూడును అచ్చటను ఓటులో కలిసియున్నవి.

నేడు ఎన్నికలలో ధనము పారుచున్నదనుట సత్యమే. దానిని నేను సమర్థింపను. కాని పుచ్చుకొనువానిని నిందించుటకు ముందు పంచువానిని నిందింపవలెను. పుచ్చుకొన్నవాడెల్ల ఇచ్చినవానికే వేయుచున్నాడని చెప్పుటకును మన యొద్ద ఆధారము లేదు. గ్రామపెద్దలగు మీరు ఈసారి మండపమున ఆ పాతమాట వినవచ్చినపుడు, 1955 నాటి లెక్కను, నాగాయలంక అవ్వ మాటను అచ్చటివారికి చెప్పుడు. బీదవాడు ఓటువేయుటకు పోవునపుడు వానిని ఆపకుండుట, బెదరింపకుండుట, కొనకుండుట మన వంతు. తక్కిన యాలోచన వాడు చేసికొనగలడు.

సెలవు.