వ్యసన విముక్తియందు స్వీకార మార్గము: చరిత్రయు భాషయు

మద్యపానమును గూర్చి మనవారు చర్చించునపుడు సామాన్యముగా నిషేధమును గూర్చియే చర్చింతురు. శాసనము ఏ సంవత్సరమున వచ్చినది, ఏ సంవత్సరమున పోయినది, ఖజానాకు కలిగిన లోటెంత అను ప్రశ్నలే ముందునకు వచ్చును. అంగడి మూసియున్నను తెరచియున్నను, త్రాగుట మానదలచిన మనుష్యుని లోపల జరుగు పోరాటమునకు కూడ ఒక చరిత్ర కలదు. ఆ చరిత్రలో గడచిన నలువది యేబది సంవత్సరములలో ఒక ముఖ్యమైన మలుపు వచ్చినది. కోరికను బలవంతముగా అణచుటకు మారుగా, దానిని ఉన్నదున్నట్లు గుర్తించి, దానికి చోటిచ్చి, అయినను దాని ఆజ్ఞను పాటింపకుండుట అను మార్గము చికిత్సలోనికి ప్రవేశించినది. దీనిని స్వీకార మార్గమందురు. ఈ మార్గమున మాటయే ముఖ్యసాధనము. కావున రాష్ట్రేతరాంధ్రులకు ఇది తెలుగు మాటలలో అందవలసియున్నదని నిరూపించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

నిషేధములు, వాని అనుభవము

మద్రాసు రాజధానిలో రాజగోపాలాచారి ప్రభుత్వము 1937 అక్టోబరు 1 వ తేదీన సేలము జిల్లాలో మద్యనిషేధమును ప్రారంభించెను. తెలుగువారు తరతరములుగా నివసించుచున్న హోసూరు ప్రాంతము నాడు ఆ జిల్లాలోనిదే. తరువాత చిత్తూరు, కడప జిల్లాలకును, ఉత్తరార్కాటునకును నిషేధము విస్తరించెను. 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతటను అమలులోనికి వచ్చెను. బొంబాయి రాష్ట్రము 1949 లో తన శాసనము చేసినది. కర్నూలు రాజధానిగా నేర్పడిన ఆంధ్ర రాష్ట్రమున ప్రకాశం పంతులుగారి మంత్రివర్గము 1954 నవంబరులో ఒక్క వోటు తేడాతో పడిపోవుటకు కారణము మద్యనిషేధ సమస్యయే. చుట్టును గోదావరి జిల్లా గ్రామములలో నిషేధము నడచుచుండగా, నడుమనున్న యానాము 1954 వరకు ఫ్రెంచి వారి పాలనలోనుండి, వేరు చట్టమునకు లోబడి యుండెను. చట్టమునకు ఎల్లలున్నవనుటకు యానామును మించిన ఉదాహరణము లేదు.

1992 లో నెల్లూరు జిల్లా దూబగుంటలో స్త్రీలు సారాయంగడిపై తిరుగబడిరి. ఆ ఉద్యమఫలముగా ఆంధ్రప్రదేశములో 1993 లో సారాయి నిషేధమును, 1995 జనవరిలో సంపూర్ణ నిషేధమును వచ్చినవి. రెండవది 1997 లో సడలింపబడినది. ఆ తల్లుల పోరాటము వృథా అని ఎవ్వరును అనజాలరు. వారు అడిగినది న్యాయము. కాని అంగడి దూరమైనంత మాత్రమున యావ దూరము కాలేదు. యావతో ఎట్లు బ్రతుకవలెనో ఆ పురుషులకు ఎవరును నేర్పలేదు. శాసనచరిత్ర యంతయు మనకు చూపు వెలితి ఇదియే.

అణచుటలోని చిక్కు

వ్యసనమను మాటకు సంస్కృతమున ఆపద, దుఃఖము అను అర్థములును, దురభ్యాసమను అర్థమును కలవు. సప్తవ్యసనములను లెక్కించిన నీతిశాస్త్రములవలన రెండవ అర్థమే లోకమున స్థిరపడినది. దానితో త్రాగుబోతు దుఃఖితుడుగాక దోషిగా మిగిలెను. దోషికి లోకము చేయు ఉపదేశము ఒక్కటే: "మనస్సు గట్టి చేసికొనుము, ఆ తలపే రానీయకుము."

ఈ ఉపదేశములోని చిక్కును మన పెద్దలెరుగుదురు. ఔషధము సేవించునపుడు కోతిని తలపవద్దని చెప్పిన వైద్యుని కథ తెలుగునాట వినని వారు అరుదు. అంతవరకును కోతి ఊసెత్తని రోగికి, ఆ క్షణము మొదలు కోతి తప్ప మరేమియు తోపదు. 1987 లో అమెరికా మనశ్శాస్త్రజ్ఞుడు డేనియల్ వెగ్నరును ఆయన సహచరులును ఇదే విషయమును ప్రయోగముచేత పరీక్షించిరి. తెల్లని ఎలుగుబంటిని తలపవద్దనియు, తలపు వచ్చినప్పుడెల్ల గంట మ్రోగింపుడనియు కొందరు విద్యార్థులను కోరిరి. వారు దానిని ఆపలేకపోయిరి. తరువాత తలపవచ్చునని అనుమతి ఇచ్చినపుడు, మొదటినుండియు స్వేచ్ఛగా తలచినవారికంటె వీరికే ఆ తలపు ఎక్కువసార్లు వచ్చెను. త్రాగుట మానదలచినవాడు తలపును తరుముటకే బలమంతయు ఖర్చుచేసినచో, సాయంకాలమునకు వానిలో మిగులు శక్తి ఎంత?

స్వీకార మార్గము ఏర్పడిన విధము

దీని వేళ్లు పలుచోట్ల నున్నవి. 1935 లో అమెరికాలోని ఏక్రన్ నగరమున బిల్ విల్సన్, డాక్టరు బాబ్ స్మిత్ అను ఇద్దరు పూర్వమద్యపానులు ఆల్కహాలిక్స్ అనానిమస్ అను సోదరమండలిని స్థాపించిరి. తాను మద్యము ముందు అశక్తుడనని ఒప్పుకొనుట వారి మొదటి మెట్టు. స్వీకారమును అర్థించు ఒక చిన్న ప్రార్థన వారి సభలలో నిత్యము వినవచ్చును. అది దైవశాస్త్రజ్ఞుడు రైన్‌హోల్డ్ నీబరు రచించినదని ప్రసిద్ధి. భారతదేశమున ఈ మండలి కార్యక్రమము 1957 లో బొంబాయిలో మొదలైనది.

రెండవ వేరు మన దేశమునకు సంబంధించినది. మాండలేలో జన్మించిన సత్యనారాయణ గోయెంకా బర్మాలో ఊ బా ఖిన్ వద్ద విపశ్యనము నేర్చి, 1969 లో భారతదేశమునకు వచ్చి బోధింపసాగెను. మహారాష్ట్రమందలి ఇగత్‌పురి ఆయన కేంద్రమైనది. దేహమున కలుగు వేదనను, సుఖమును, రాగద్వేషములు లేక చూచి, అది పుట్టి గిట్టుటను గమనించుట ఈ అభ్యాసము. సియాటిల్ నగరమునందలి వాషింగ్టన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు అలన్ మార్లట్, అచటి ఒక కారాగారమున ఖైదీలకు ఈ పది దినముల శిబిరము నడపబడినపుడు ఫలితములను పరిశీలించెను. శిబిరమున పాల్గొన్నవారిలో విడుదల తరువాత మద్యమును మాదకద్రవ్యములును తగ్గినట్లు 2006 లో ప్రచురింపబడెను. యావను సముద్రతరంగముతో పోల్చి, దానిపై తేలియాడుట నేర్పినవాడు ఈ మార్లటే.

మూడవది నెవాడా విశ్వవిద్యాలయ ఆచార్యుడు స్టీవెన్ హేస్ నిర్మించిన చికిత్స. ఆయన కిర్క్ స్ట్రోసాల్, కెల్లీ విల్సన్ అనువారితో కలిసి 1999 లో దీనిని గ్రంథరూపమున వెలువరించెను. స్వీకారము, సంకల్పబద్ధమైన ఆచరణము అను రెండును దీని పేరులోనే కలవు. మొదటిదానిని మాత్రమే గ్రహించి రెండవదానిని విడిచినచో అది స్వీకారము కాదు, లొంగుబాటగును.

అభ్యాసముల స్వరూపము

షోలాపురములో మగ్గముపై పనిచేయు ఒక కార్మికుని ఊహింతము. జీతములు చేతికి వచ్చిన సాయంకాలము. ఇంటిదారిలో పాత అంగడి కలదు. నరములు లాగుచున్నవి, నోరు ఎండుచున్నది. ఇట్టివానికి చికిత్సకుడు నేర్పునవి ముఖ్యముగా నాలుగు.

మొదటిది పేరిడుట. "నేను త్రాగవలెను" అనుటకు మారుగా "నాకు త్రాగవలెనను తలపు వచ్చుచున్నది" అని తనలో తాను అనుకొనవలెను. మొదటి వాక్యము ఆజ్ఞ. రెండవది వార్త. వార్తను విన్నవాడు దానిని పాటింపనక్కరలేదు.

రెండవది చోటిచ్చుట. యావ దేహమున ఎచట నున్నది, గొంతులోనా, రొమ్ములోనా, చేతులలోనా అని నిదానించి చూడవలెను. ఊపిరిని గమనించుచు, అది పెరుగుటను, శిఖరమునకు చేరుటను, విరుగుటను పరికింపవలెను. యావ అంతులేక పెరుగుచునే యుండునని త్రాగువాడు భయపడును. త్రాగక వేచి చూచినవానికే అది తనంత విరుగునని తెలియును. మరల వచ్చును, మరల విరుగును.

మూడవది విలువను స్మరించుట. నేను ఎట్టి తండ్రిగా, ఎట్టి పనివానిగా, ఎట్టి స్నేహితునిగా బ్రతుకదలచితిని అని ప్రశ్నించుకొనవలెను. ఆ విలువకు అనుకూలమైన ఒక చిన్న పనిని ఆ క్షణముననే చేయవలెను. మరియొక వీథిని నడచుట, జీతమును భార్యచేతికిచ్చుట, కుమార్తె పుస్తకము కొనుట ఇట్టివి. యావ యుండగనే ఈ పని చేయవచ్చును. అది పోవువరకు ఆగనక్కరలేదు.

నాల్గవది జారుపాటును గూర్చినది. ఒకనాడు జారినవాడు "నేనింతే, ఇక ఆగుట ఎందులకు" అని తలచి పూర్తిగా పడిపోవును. ఒకనాటి జారుట వేరు, పూర్వస్థితికి పతనమగుట వేరు అని మార్లట్ విభజించి చూపెను. మొదటిదానిని రెండవదిగా మార్చునది సిగ్గు. 2012 లో ప్రచురింపబడిన ఒక పరిశోధనలో, చికిత్సాలయమున నున్న 133 మందిలో కొందరికి సిగ్గును స్వీకారభావముతో చూచుట నేర్పిరి. చికిత్స ముగియునాటికి వారి సిగ్గు ఇతరులకంటె తక్కువగానే తగ్గినది. కాని ఇంటికి పోయిన పిమ్మటి మాసములలో మాదకసేవనము వారిలోనే తక్కువ. తొందరగా తుడిచివేసిన సిగ్గు నిలకడ నీయదని దీనివలన ఊహింపవచ్చును.

ఫలితములు, హద్దులు

2014 లో 286 మందిపై జరిగిన పరిశోధనలో, గమనికాభ్యాసము చేసినవారు ఒక సంవత్సరము పిమ్మట ఇతర పద్ధతులవారికంటె తక్కువ దినములు మాదకములను సేవించినట్లు తేలెను. ధూమపానము మానదలచిన 2,415 మందిపై జరిగి 2020 లో ప్రచురితమైన మరియొక పరిశోధనలో, స్వీకారపద్ధతిని చరవాణి ద్వారా నేర్చినవారిలో నూటికి 28 మందియు, సామాన్య పద్ధతివారిలో నూటికి 21 మందియు సంవత్సరాంతమున పొగ త్రాగకుండిరి. ఈ భేదము గొప్పది కాకున్నను గణింపదగినది. అన్ని వ్యసనములందును ఇది ఇతర చికిత్సలను మించినదని చెప్పుటకు వీలులేదు.

ఒక హెచ్చరిక అత్యవసరము. చిరకాలముగా ఎక్కువ త్రాగినవాడు హఠాత్తుగా మానినచో రెండు మూడు దినములలో మూర్ఛలును, మతిభ్రమయు కలిగి ప్రాణమునకే ముప్పు రావచ్చును. ఆ దశ వైద్యుని పర్యవేక్షణలోనే గడువవలెను. స్వీకారాభ్యాసము వైద్యమునకు తోడు మాత్రమే.

రాష్ట్రేతరాంధ్రులు, మాతృభాష

తెలుగువారు స్థిరపడిన నగరములలో చికిత్సాలయములకు కొరత లేదు. చెన్నపురిలో శాంతి రంగనాథన్ గారు 1980 లో స్థాపించిన టి.టి. రంగనాథన్ ఫౌండేషన్, పుణెలో అవచట్ దంపతులు 1986 లో ప్రారంభించిన ముక్తాంగణము, బెంగుళూరులో నిమ్హాన్స్ వ్యసనచికిత్సా విభాగము దేశమున పేరెన్నికగన్నవి. మన షోలాపురపు నేతవాడును, బరంపురపు కూలివాడును అంగడిలో మరాఠీని, ఒడియాను చక్కగ మాటాడుదురు. బేరమునకు, పనికి ఆ భాష చాలును. కాని యావ వచ్చినపుడు తనలో తాననుకొను మాట అమ్మ నేర్పిన మాట. అభ్యాసమంతయు ఆ లోపలి మాటను మార్చుటయే యగుటచేత, పరభాషలో నేర్చిన వాక్యము వానికి కష్టసమయమున అందదు.

తెలుగు వ్యాకరణము ఇందుకు మిక్కిలి అనుకూలము. మనము "నేను ఆకలిని" అనము. "నాకు ఆకలి వేయుచున్నది" అందుము. కోపము వచ్చును, భయము వేయును, దుఃఖము కలుగును. అనుభవించువాడు వేరు, వచ్చిపోవు అనుభవము వేరు అను భేదమును మన షష్ఠీవిభక్తియే చిన్ననాటినుండి నేర్పుచున్నది. తమిళ కన్నడములందును, మరాఠీయందును ఇట్టి వాక్యనిర్మాణము కలదు. ఆంగ్లమున దీనికొరకు శ్రమపడి ఒక కొత్త వాక్యమును నేర్పవలసియున్నది. మనకు ఉన్నదానిని గుర్తుచేసిన చాలును.

పదముల యెంపికలో మాత్రము జాగ్రత్త కావలెను. స్వీకారమును "ఒప్పుకొనుట" అన్నచో నేరాంగీకారము స్ఫురించును. "సహించుట" అన్నచో పండ్లు బిగబట్టుట తోచును. "లొంగుట" అన్నచో మరల సీసా కనబడును. "చోటిచ్చుట" అను మాట నా యెరుకలో అన్నిటికంటె తగినది. వచ్చిన చుట్టమునకు అరుగుపై చోటిత్తుము, ఇంటి తాళపుచెవులనిచ్చుట లేదు గదా. కోరికకు "యావ" అను అచ్చతెనుగు మాట ఎల్లరకును తెలిసినదే. జారుపాటు, పతనము అను రెండు మాటలను వేరువేరుగా వాడుట నేర్పవలెను.

కేంద్ర సాంఘికన్యాయ మంత్రిత్వశాఖ 2019 లో ప్రకటించిన సర్వే ననుసరించి, దేశమున మద్యమునకు బానిసలైనవారిలో ప్రతి 38 మందిలో ఒక్కనికి మాత్రమే ఏదో ఒక చికిత్స లభించుచున్నది. మిగిలిన 37 మందిలో మన వీథివారును, మన బడిపిల్లల తండ్రులును కలరు. తెలుగు బోధించు మాబోటి ఉపాధ్యాయులు వైద్యులు కారు, కానక్కరలేదు. కాని వైద్యులతో కూర్చుండి, ఈ అభ్యాసవాక్యములను ఆయా ప్రాంతముల వాడుక తెలుగులో కూర్చి చిన్న పుస్తకముగా చేయుట మావలన కాగల పని. వారమునకొక సాయంకాలము తమ మందిరమును మానదలచినవారికిచ్చి, అచట తెలుగున మాటాడుకొన నిచ్చుట సంఘముల వలన కాగల పని. భాషను నిలుపుకొనుటకే మన సంఘములు పుట్టినవి. ఒక మనుష్యుడు తన కష్టకాలమున తనతో తాను మాటాడుకొనుటకు పనికివచ్చిననాడు ఆ భాష నిలిచినట్లే.