నడవమనడం సలహా, నడిపించడం చికిత్స: డిప్రెషన్‌కు వ్యాయామం – హయత్‌నగర్ నేపథ్యం

సారాంశం
వ్యాయామంతో డిప్రెషన్ తగ్గుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. ఆ పరిశోధనల్లో రోగిని దగ్గరుండి నడిపించే ఏర్పాటు ఉంది. మనం దాన్ని వదిలేసి, సలహాను మాత్రం పట్టుకున్నామన్నది ఈ వ్యాస ప్రతిపాదన.

ఆధారాలు
అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయానికి చెందిన జేమ్స్ బ్లూమెంథాల్ బృందం 1999లో ప్రచురించిన పరిశోధనలో 50 ఏళ్లు, ఆపైబడిన 156 మంది రోగులున్నారు. ఒక జట్టు వ్యాయామం చేసింది, ఒక జట్టు సెర్ట్రలిన్ మాత్రలు వేసుకుంది, మూడో జట్టుకు రెండూ ఇచ్చారు. మాత్రలు త్వరగా పనిచేసినా, 16 వారాలయ్యేసరికి మూడు జట్లూ దాదాపు సమానంగా కోలుకున్నాయి. వ్యాయామం వారానికి మూడుసార్లు: పది నిమిషాలు ఒళ్లు వేడెక్కించుకోవడం, అరగంట వేగంగా నడక లేదా జాగింగ్, ఐదు నిమిషాలు నెమ్మదించడం. దగ్గర పర్యవేక్షకులు, చుట్టూ తోటి రోగులు. కాబట్టి ఫలితంలో వ్యాయామం వాటా ఎంతో, తోడు వాటా ఎంతో విడదీసి చెప్పలేం.

2024లో బీఎంజే వైద్య పత్రిక ప్రచురించిన సమీక్ష 218 పరిశోధనలను, 14,170 మందిని పరిశీలించింది. నడక, జాగింగ్, యోగా, బరువులెత్తడం మంచి ఫలితమిచ్చాయి. అయితే 2013 నాటి కోక్రేన్ సమీక్షలో, పకడ్బందీగా జరిగిన ఆరు పరిశోధనలనే లెక్కిస్తే ప్రయోజనం బాగా తగ్గింది.

స్థానిక పరిస్థితి
హైదరాబాద్ శివారు హయత్‌నగర్ పరిసరాల్లో నడిచే చోటు బొత్తిగా లేదనలేం. విజయవాడ హైవే పక్కన 3,600 ఎకరాలకు పైబడిన మహావీర్ హరిణ వనస్థలి ఉంది. సరూర్‌నగర్ వైపు విక్టోరియా మెమోరియల్ హోమ్ మైదానం ఉంది. కానీ డిప్రెషన్ ముందు దెబ్బతీసేది చొరవనే. పొద్దున మంచం దిగడమే గండమైన మనిషి బస్సులు, లారీల మధ్య హైవే దాటి పార్కు దాకా ఒంటరిగా ఎలా వెళ్తాడు? దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో పోటీపరీక్షలకు చదివే కుర్రాడికీ, ఇంటిపని ముగించి డ్యూటీకి పరుగెత్తే ఇల్లాలికీ ‘రోజూ నడవండి’ అనే ఒకటే సలహా చీటీ ఎలా సరిపోతుంది? నడవకపోతే ఇంట్లోవాళ్లు దాన్ని బద్ధకమంటారు. రోగి నిజమేననుకుని ఇంకా కుంగిపోతాడు.

ప్రతిపాదన
నడిపించేవారి నమూనా మన దగ్గరే ఉంది. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ చేపట్టిన స్మార్ట్ మెంటల్ హెల్త్ కార్యక్రమంలో పశ్చిమ గోదావరి జిల్లా ఆశా కార్యకర్తలు ట్యాబ్‌లతో బాధితులను గుర్తించి, డాక్టరు దగ్గరకు పంపి, తర్వాత కూడా వెంట ఉండి చూసుకున్నారు. పశ్చిమ గోదావరితో పాటు హర్యానాలోనూ చేసిన పరీక్షలో ఏడాది తర్వాత వారి డిప్రెషన్ తీవ్రత తగ్గింది. అందులో వ్యాయామం భాగం కాదు; దాన్ని చేర్చి చూడవచ్చు.

బస్తీ దవాఖానాల్లో తేలికపాటి, మధ్యస్థ డిప్రెషన్ ఉన్నవారిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు సలహా చీటీ ఇచ్చి, రెండో జట్టును ఆశా కార్యకర్త తోడుగా 16 వారాలు నడిపించాలి. తీవ్ర డిప్రెషన్, ఆత్మహత్య ఆలోచనలు ఉన్నవారిని ఇందులో చేర్చకుండా నేరుగా మానసిక వైద్యుల దగ్గరకు పంపాలి. టెలీ మానస్ 14416 నంబరు అందరికీ ఇవ్వాలి. వేసుకుంటున్న మాత్రలు ఎవరూ సొంతంగా మానకూడదు. రెండు జట్ల మధ్య తేడా ఎంతో తేలితే, తోడు కోసం ప్రభుత్వం ఎంత ఖర్చుపెట్టవచ్చో కూడా తేలుతుంది.