పేగు దాటిన రోటావైరస్

ఈ ఎపిసోడ్‌లో రోటావైరస్ చరిత్ర చెప్తాను. 1973లో మెల్‌బోర్న్‌లో రూత్ బిషప్ బృందం విరేచనాలతో ఆసుపత్రిలో చేరిన పిల్లల చిన్నపేగులో దీన్ని కనిపెట్టింది. చూడ్డానికి చక్రంలా ఉంటుంది కదా, లాటిన్‌లో చక్రాన్ని రోటా అంటారు. అదే పేరైంది.

తర్వాత చాలా ఏళ్లు ఇది పేగు దాటి పోదనే అనుకున్నారు. 2003లో లాన్సెట్ పత్రికలో వచ్చిన పరిశోధన ఆ నమ్మకాన్ని కదిపేసింది. జబ్బుపడ్డ పిల్లల రక్తంలో కూడా వైరస్ ఆనవాళ్లు దొరికాయి!

మరి అక్కడే ఉండిపోతుందా? ఉండదు. మన బి కణాలు యాంటీబాడీలు తయారుచేస్తాయి. అవి పెరిగేకొద్దీ రక్తంలో వైరస్ తగ్గిపోతుంది. కానీ దానికి కొన్ని రోజులు పడుతుంది. ఈలోపే వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు పోయి పసిప్రాణం మీదికొస్తుంది. నా దృష్టిలో అసలు పోటీ ఆ కొన్ని రోజులతోనే.

ఆ పోటీలో ముందుండటానికే టీకా. ఢిల్లీలో ఓ పసికందులో జబ్బు చేయకుండానే ఉన్న 116ఇ అనే రకంతో హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ రోటావాక్ తయారుచేసింది. 2016లో దేశంలో రోటా టీకా ఉచితంగా మొదలైన 4 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 6, 10, 14 వారాలకు నోట్లో వేస్తారు. మీ ఇంట్లో పసిపాప ఉంటే, వీడియో ఆపి టీకా కార్డు ఓసారి చూడండి.