రెండు పాచికలు, ఒక రూపాయి బిళ్ళ

మా బి.కొత్తకోటకి పండక్కి వెళ్తే మా అన్న కూతురు మొహం వేలాడేసుకుని కూర్చుంది. "కీబోర్డు మానేస్తా చిన్నాయనా, నాయనకు నువ్వే చెప్పు" అంది. వాయించడం ఇష్టమేనట. థియరీ అంటేనే ఏడుపు. ఏ స్కేల్లో ఏ మెట్లు వస్తాయో బట్టీ పట్టాలి మరి! నేను కూడా ఇంజనీరింగ్ అంతా అలాగే బట్టీ కొట్టి గట్టెక్కినవాణ్ణే కాబట్టి పిల్లని తప్పు పట్టలేకపోయాను.

ఈ ఏడుపు ఇప్పటిది కాదు లెండి. 1801లోనే ఎడిన్‌బరోలో ఆన్ యంగ్ అనే సంగీతం పంతులమ్మ ఒక ఆటపెట్టెకి పేటెంటు తీసుకుంది. తెరిస్తే ఆట బల్ల, పాచికలు, గుచ్చే మేకులు. ఆడుతూ ఆడుతూనే స్వరాలు, శృతులు, స్వరాల మధ్య దూరాలు నేర్చేసుకోవచ్చన్నమాట. ఎలా ఆడాలో వివరిస్తూ 1803లో పుస్తకం కూడా వేసింది. పాపపుణ్యాలు నేర్పడానికి వైకుంఠపాళి పరిచిన మనకి ఇదేమీ వింత కాదనుకోండి.

మా పక్కనున్న మదనపల్లెకీ ఇలాంటి కథ ఒకటుంది. 1919 ఫిబ్రవరి చివర్లో టాగోర్ అక్కడి థియోసాఫికల్ కాలేజీకి వచ్చాడు. 'జనగణమన'ని ఇంగ్లీషులోకి మార్చింది అక్కడే. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ ఐర్లాండులో సంగీతంలో డిగ్రీ చేసినావిడ. ఆ బాణీకి స్వరలిపి రాసిపెట్టింది ఆవిడే. పాట పుట్టింది 1911లో, జాతీయ గీతం అయ్యింది 1950లో. మధ్యలో ఈ మజిలీ మనది. గాల్లో ఉన్న పాటని కంటికి కనపడేలా కాగితమ్మీద పెట్టడం చిన్న విషయం కాదు. కాకపోతే కాగితమ్మీద ఉన్నదాన్ని మళ్ళీ పిల్లల చేతుల్లోకి తేవాలి కదా? ఆన్ యంగ్ చేసింది ఆ రెండో పని.

నిజానికి మన దగ్గర బల్ల ఎప్పుడో తయారుగా ఉంది. 17వ శతాబ్దంలో తంజావూరు నాయకరాజు విజయరాఘవుడి కాలంలో వేంకటమఖి 72 మేళాల లెక్క కట్టాడు. స, ప కదలవు. రి-గ జంటలు ఆరు, ద-ని జంటలు ఆరు, మ రెండు రకాలు. 6×6×2 = 72. ప్రోగ్రామర్లకి చెప్పాలా, రెండు ఫర్ లూపులూ ఒక ఇఫ్పూ!

ఆరు అనగానే నాకు పాచిక గుర్తొచ్చింది. అట్టమీద పన్నెండు వరసలు గీశాం, వరసకి ఆరు గళ్ళు. మొదటి పాచిక రి-గ, రెండోది ద-ని, రూపాయి బిళ్ళ మధ్యమం. బొమ్మ పడితే శుద్ధ, బొరుసు పడితే ప్రతి మధ్యమం. పడిన గడిలోని స్వరాలు తప్పు లేకుండా వాయిస్తే గడి నీది.

మూడూ మూడూ బొమ్మ పడింది. మొదటి పాచికలోంచి ఒకటి తీసేసి ఆరుతో హెచ్చవేసి రెండోది కలిపితే 15, మాయామాళవగౌళ. సరళీ వరసలు మొదలుపెట్టే రాగం అదే! అయిదూ అయిదూ బొమ్మ అయితే 29, శంకరాభరణం, అంటే కీబోర్డు వాళ్ళ మేజర్ స్కేలు. అదే బొరుసైతే 36 కలిపి 65, కల్యాణి. "ఒక్క మెట్టు మారితే కల్యాణి అయిపోతుందా?" అని దానంతటదే వాయించి చూసుకుంది పిల్ల. ఏడాదిగా బట్టీ పట్టినా రాని ప్రశ్న అది.

ఆటతో సంగీతం వచ్చేస్తుందని నేననను. గమకం ఏ పాచికకీ పడదు. దానికి గురువు, సాధన కావల్సిందే. కానీ గురువు దగ్గర కూర్చోవాలంటే ముందు పిల్లకి కూర్చోవాలనిపించాలి కదా.

మానేసే మాట మా అన్నకి నేనింకా చెప్పలేదు. నిన్న ఫోన్ చేసి అదే అంది, "చిన్నాయనా, ఆరూ ఆరూ బొరుసు ఎప్పుడు పడుతుంది?" అని. 72లో ఒక్కసారి తల్లీ, వేస్తూ ఉండు అన్నాను.